నిలకడ కోసం రోజూ కాసేపు: ఒక రిటైర్డ్ కండక్టర్ అనుభవం

హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో పొద్దున్నే నడిచే పెద్దవాళ్లను చూస్తే నాకు ఎంతో సంతోషంగా ఉంటుంది. చలికాలంలో కూడా మఫ్లర్లు చుట్టుకుని వస్తారు. షుగరు కోసం, బీపీ కోసం, గుండె కోసం నడుస్తున్నామని చెబుతారు. అంతా మంచిదే. కానీ వాళ్లలో ఎవరినైనా ఆపి, దేన్నీ పట్టుకోకుండా ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడమంటే చాలామంది వెంటనే పక్కవాళ్ల భుజం కోసం చూస్తారు. నేనూ రోజూ నడిచేవాణ్ణే. నడక వల్ల ఆయాసం తగ్గింది, నిద్ర బాగా పడుతోంది. నిలకడ మాత్రం నడకతో రాలేదు, దాన్ని విడిగా సాధన చేయాల్సి వచ్చింది. ఆ సాధన ఎలా సాగిందో చెబితే నా ఈడు వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

నా వయసు 71. ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసి 58 ఏళ్లకు రిటైరయ్యాను. ఉద్యోగంలో ఎక్కువ కాలం హనుమకొండ నుంచి ఏటూరునాగారం రూట్లో తిరిగాను. ములుగు దాటితే జంగాలపల్లి, పస్రా, తాడ్వాయి, ఆపైన అంతా అడవి రోడ్డు. మేడారం జాతర సమయంలో బస్సులో పాదం మోపడానికి చోటుండేది కాదు. చేతిలో టికెట్ల ట్రే, భుజాన డబ్బు సంచి. రెండు చేతులకూ పనే కాబట్టి కండక్టరు కడ్డీ పట్టుకుని నిలబడలేడు. ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి పెట్టి, మోకాళ్లు కొంచెం వదులుగా ఉంచి, నడుమును సీటు అంచుకు ఆనీ ఆననట్టు ఆనించి నిలబడతాడు. డ్రైవరు బ్రేకు వేయబోతున్నాడని ఇంజను చప్పుడు మారగానే ఒంటికి తెలిసిపోయేది. ఇది మాకు ఎవరూ నేర్పలేదు. రోజుకు ఎనిమిది గంటలు కదిలే బస్సులో నిలబడితే కాళ్లే నేర్చుకున్నాయి.

రిటైరయ్యాక ఆ పని ఆగిపోయింది. మార్పు ఒక్కసారిగా రాలేదు. ప్యాంటు వేసుకునేటప్పుడు మంచం అంచున కూర్చోవడం అలవాటైంది. స్నానాల గదిలో పాదం రుద్దుకునేటప్పుడు ఒక చేయి దానంతటదే గోడ మీదికి పోయేది. వేయి స్తంభాల గుడి మెట్ల దగ్గర మనవడి భుజం వెతుక్కునేవాణ్ణి. రాత్రిపూట కరెంటు పోతే మంచం దిగాలంటే జంకు. విడివిడిగా చూస్తే ఏ ఒక్కటీ పెద్ద విషయం కాదు. వయసు మీద పడ్డాక ఇంతే కదా అని ఇంట్లో అందరూ సరిపెట్టుకుంటారు.

నన్ను కదిలించింది మా సర్వీసు డ్రైవరుకు జరిగిన ప్రమాదం. ఏళ్ల తరబడి అడవి రోడ్డు మీద స్టీరింగు పట్టిన మనిషి. ఒక్కసారి కూడా గీత పడనివ్వలేదు. అలాంటివాడు తన ఇంట్లోనే, స్నానాల గది గడప దగ్గర కాలు జారి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను బాగానే జరిగింది, ఎముక అతికింది. కానీ ఆ తర్వాత గుమ్మం దాటాలంటేనే భయం పట్టుకుంది. భయంతో నడక తగ్గించాడు. నడక తగ్గేసరికి తొడలు చిక్కిపోయాయి. తొడల్లో బలం లేకపోతే మళ్లీ పడే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ఆయన్ను చూడటానికి వెళ్లి వచ్చిన ప్రతిసారీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టేది కాదు. పడిపోవడం వల్ల ప్రపంచంలో ఏటా 6 లక్షల 84 వేల మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ప్రమాదవశాత్తు తగిలే గాయాలతో సంభవించే మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. రోడ్డు భద్రతా వారోత్సవాల్లో మాకు ఎన్నో పాఠాలు చెప్పారు. ఇంట్లో నేల మీద క్షేమంగా నడవడం గురించి మాత్రం ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఎవరి నోటా వినలేదు.

ముందుగా డాక్టరు దగ్గరికి వెళ్లాను. తూలుతున్నవాళ్లు ఎవరైనా ఈ పని మొదట చేయాలి, ఎందుకంటే తూలడానికి కారణం కాళ్లే కానక్కర్లేదు. డాక్టరు నన్ను పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి మళ్లీ బీపీ చూశారు. లేచి నిలబడిన మూడు నిమిషాల్లోపు పై అంకె 20 పాయింట్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ పడిపోతే, లేవగానే కళ్లు తిరిగేది అందుకేనట. నాకు అంత పడలేదు. తర్వాత సన్నటి నైలాను పోగును పాదం కింద అక్కడక్కడా తాకించి, తెలిసినప్పుడల్లా చెప్పమన్నారు. కంపించే శ్రుతిదండాన్ని (ట్యూనింగ్ ఫోర్క్) కాలి బొటనవేలి ఎముక మీద ఆనించి, ఆ కంపనం ఎప్పుడు ఆగిందో అడిగారు. షుగరు చాలా ఏళ్లుగా ఉన్నవాళ్లకు పాదాల్లో నరాల స్పర్శ తగ్గుతుంది, నేల కాలికి సరిగ్గా తెలియదు. నాకు స్పర్శ కొద్దిగానే తగ్గింది. బి12 విటమిన్ తక్కువగా ఉందని పరీక్షలో తేలితే మందు రాశారు. వాడుతున్న మాత్రలన్నీ తెమ్మని ఒక్కొక్కటీ చూశారు. నిద్రమాత్రలు, జలుబుకు వేసుకునే కొన్ని మత్తు మాత్రలు పెద్దవాళ్లను తూలేలా చేస్తాయని చెప్పారు.

కళ్లద్దాల గురించి చెప్పిన మాట నాకు పూర్తిగా కొత్త. నావి పైన దూరానికి, కింద చదవడానికి ఉన్న అద్దాలు. మెట్లు దిగేటప్పుడు కిందికి చూస్తే కన్ను చదివే భాగంలోంచి చూస్తుంది, మెట్టు అంచు మసకగా కనిపిస్తుంది. బయట తిరగడానికి దూరం చూపుకు విడిగా మామూలు అద్దాలు పెట్టుకోమన్నారు. ఆ ఒక్క మార్పుతోనే గుడి మెట్ల దగ్గర సగం జంకు పోయింది.

ఆ డాక్టరే నన్ను ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపారు. చిన్న వయసు అమ్మాయి, మా మనవరాలి కంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. "అంకుల్, ముందు కొలుద్దాం, తర్వాతే వ్యాయామం" అంది. గోడ పక్కన నిలబెట్టి, తాను పక్కనే చేతులు చాచి నిలబడింది. మొదట రెండు పాదాలు దగ్గరగా పెట్టి పది సెకన్లు. నిలబడ్డాను. తర్వాత ఒక పాదం కాస్త ముందుకు, దాని పక్క భాగం రెండో పాదం బొటనవేలికి తగిలేలా. అదీ నిలబడ్డాను. మూడోది, ఒక పాదం మడమ రెండో పాదం వేళ్లకు తగిలేలా ఒకే గీత మీద. అక్కడ చీలమండలు వణికాయి, పది సెకన్లు కాకముందే కాలు పక్కకు పడింది. నాలుగోది ఒంటికాలి మీద. కాలు ఎత్తినంత సేపు కూడా నిలవలేదు. మూడోదాంట్లో పది సెకన్లు నిలవలేనివాళ్లకు పడిపోయే ప్రమాదం ఎక్కువని ఆమె వివరించింది. తర్వాత కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోమంది. పన్నెండు సెకన్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితే జాగ్రత్త పడాలట. చేతులు ఛాతీ మీద కట్టుకుని ముప్పై సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలనో కూడా లెక్కపెట్టింది.

నేను కండక్టరుగా చేశానని తెలిసి ఆ అమ్మాయి ఎంతో ఆసక్తి చూపింది. బస్సులో ఎలా నిలబడేవారో చూపించమంది. చూపించాను.

"అప్పుడు మీ కళ్లు ఎక్కడ ఉండేవి?" అని అడిగింది.

"ట్రే మీద, చిల్లర మీద. రోడ్డు చూసే తీరిక ఎక్కడిదమ్మా?"

"చూశారా, కళ్ల సాయం లేకుండానే నిలబడ్డారు" అంది.

మనిషి నిలబడటానికి మూడు చోట్ల నుంచి కబురు అందాలని అప్పుడే వివరించింది. ఒకటి కన్ను. రెండోది లోపలి చెవి. అక్కడ ద్రవంతో నిండిన మూడు అర్ధవృత్తాకారపు గొట్టాలు తల ఎటు తిరిగిందో చెబుతాయి. మూడోది పాదాలు, చీలమండలు, మోకాళ్లు, మెడ. కండరాల్లో, కీళ్లలో ఉండే నరాలు ఒళ్లు ఎటు వాలిందో చెబుతాయి. చిన్నమెదడు ఇవన్నీ కలిపి చూసుకుని కండరాలకు ఆజ్ఞ ఇస్తుంది. వయసు పెరిగేకొద్దీ చెవి నుంచి, కాళ్ల నుంచి వచ్చే కబుర్లు బలహీనపడతాయి. అప్పుడు మనిషి కన్ను మీదే ఎక్కువగా ఆధారపడతాడు. చీకట్లోనో, తలస్నానంలో కళ్లు మూసుకున్నప్పుడో తూలేది అందుకే. ఆమె రెండు వైపులా చేతులు అడ్డం పెట్టి నన్ను కళ్లు మూసుకోమంది. పాదాలు దగ్గరగానే ఉన్నాయి, నేల సమంగానే ఉంది. అయినా ఒళ్లు ఊగిపోయింది. కరెంటు పోయినప్పుడు నాకు పుట్టే భయానికి కారణం అక్కడ తెలిసింది.

ఇంకో సంగతి కూడా చెప్పింది. ఒళ్లు కొద్దిగా వాలితే చీలమండలు సర్దుతాయి. ఇంకొంచెం వాలితే నడుము, తుంటి సర్దుతాయి. అవీ చాలకపోతే కాలు చటుక్కున ఒక అడుగు వేసి ఒంటిని ఆపాలి. బస్సులో ఈ మూడూ నాకు రోజుకు వందల సార్లు జరిగేవి. చదునైన ట్రాకు మీద ముందుకే చూస్తూ, ఒకే వేగంతో నడిచేటప్పుడు వాటికి పని ఉండదు. "నడక మానకండి అంకుల్. కానీ నిలకడకు దాని పని దానికి ఇవ్వాలి" అంది. నూటికి పైగా పరిశోధనలను, 23 వేల మందికి పైగా పెద్దవాళ్ల ఫలితాలను కలిపి వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 2019లో వెలువరించిన సమీక్ష గురించి చెప్పింది. వ్యాయామం చేసినవాళ్లు పడటం 23 శాతం తగ్గిందని అందులో తేలింది. ఎక్కువ మేలు చేసినవి నిలకడకు, లేచి కూర్చోవడం లాంటి రోజువారీ కదలికలకు సంబంధించిన వ్యాయామాలు. నడక ఒక్కటే పడటాన్ని తగ్గిస్తుందని చెప్పడానికి మాత్రం తగినంత ఆధారం దొరకలేదు. వారానికి కనీసం మూడు రోజులు నిలకడ, బలం పెంచే వ్యాయామాలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవాళ్లకు సూచించింది.

అభ్యాసం మా వంటగదిలో మొదలైంది. అక్కడే ఎందుకంటే, వంటగట్టు నల్లరాతిది, కదలదు, నడుము ఎత్తున ఉంటుంది. ప్లాస్టిక్ కుర్చీని పట్టుకుని ఎప్పుడూ చేయవద్దని ఆ అమ్మాయి గట్టిగా చెప్పింది. గట్టుకు ఎదురుగా నిలబడతాను. వెనుక ఒక చెక్క కుర్చీ ఉంటుంది, తూలితే కూర్చోవడానికి. వట్టికాళ్లతోనే నిలబడతాను, నేల పొడిగా ఉందో లేదో ముందే చూసుకుంటాను. రెండు అరచేతులు గట్టు మీద పెట్టి నెమ్మదిగా మడమలు ఎత్తి, మునివేళ్ల మీదికి లేచి, లేచినంత నెమ్మదిగానే దిగుతాను. దిగడంలోనే అసలు పని ఉంది. పిక్కలు పట్టి పట్టి వదులుతుంటే, లోపల ఎక్కడెక్కడ బలం తగ్గిందో తెలుస్తుంది. తర్వాత తిరగేసి, మడమల మీద నిలబడి వేళ్లు పైకి ఎత్తడం. నడిచేటప్పుడు కాలి వేళ్లు గడపకు, గచ్చు పగులుకు తగలకుండా పైకి లేపేది మోకాలి కింద ముందువైపు ఉండే కండరమే. అది అలసిపోతే పాదం ఈడ్చుకుపోతుంది. గడప తగిలి పడేవాళ్లలో చాలామందికి లోపం అక్కడే ఉంటుందట.

ఒంటికాలి సాధన గురించి కొంచెం వివరంగా చెబుతాను. గోడ మీద క్యాలెండర్ మేకును కంటి ఎత్తులో గురిగా పెట్టుకున్నాను. రెండు చేతులూ గట్టు మీద ఆనించి కుడికాలు బెత్తెడు ఎత్తు లేపుతాను, అంతకంటే అక్కర్లేదు. నేల మీద ఉన్న ఎడమ పాదంలో ఏం జరుగుతుందో మొదటి రోజు చూసి ఆశ్చర్యపోయాను. బొటనవేలు నేలను నొక్కుతుంది, చిటికెనవేలు లేస్తుంది, మళ్లీ ఆనుతుంది. చీలమండ పక్కన నరాలు తీగల్లా లేచి పడుతుంటాయి. మనిషి కదలకుండా నిలబడినట్టే కనిపిస్తాడు, పాదం మాత్రం క్షణం తీరిక లేకుండా పనిచేస్తుంటుంది. ఆ వణుకు చూసి మా ఆవిడ కంగారు పడింది. ఫిజియోథెరపిస్టును అడిగితే, వణకడం అంటే నరాలు, కండరాలు పని నేర్చుకుంటున్నాయని అర్థం అంది. అసలే తూలకపోతే ఆ అభ్యాసం మరీ తేలికైపోయిందని, చేయి పట్టు తగ్గించాలని చెప్పింది. ఆ తగ్గించడానికి కూడా ఒక వరస ఉంది. రెండు చేతుల నుంచి ఒక చేతికి, చేతి నుంచి రెండు వేళ్లకు, వేళ్ల నుంచి ఒక్క వేలి కొసకు. చివరికి చేయి గట్టుకు అంగుళం పైన గాలిలో ఉంటుంది, కావాలంటే వెంటనే పట్టుకోవచ్చు. ఈ వరసలో ఏ మెట్టూ దాటవేయకూడదు. నాకు ఒక్కో మెట్టుకు వారాలు పట్టింది. ఎడమకాలు కంటే కుడికాలు బాగా వెనకబడింది, అది ఇప్పటికీ అలాగే ఉంది.

కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేవడం, కూర్చోవడం మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు కష్టంగా ఉంటుంది. నాకూ ఉండేది. కుర్చీ మీద రెండు దిండ్లు వేసి ఎత్తు పెంచితే సులువైంది. బలం వచ్చేకొద్దీ ఒక దిండు, తర్వాత రెండోది తీసేశాను. లేచేటప్పుడు పాదాలను మోకాళ్ల కంటే కాస్త వెనక్కి పెట్టుకుని, ముక్కు మోకాళ్ల ముందుకు వచ్చేదాకా వంగితే ఒళ్లు తేలిగ్గా లేస్తుంది. ఈ చిన్న కిటుకు తెలియక ఎంతోమంది కుర్చీ చేతుల మీద బలమంతా పెట్టి లేస్తుంటారు.

న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్లు 1990లలో రూపొందించిన వ్యాయామాల వరసను ఆ అమ్మాయి మొదట చూపించింది. ఇంట్లోనే, చీలమండలకు చిన్న బరువులు కట్టుకుని చేసే కాళ్ల వ్యాయామాలు, నిలకడ వ్యాయామాలు అవి. వాటితో పెద్దవాళ్లు పడటం 35 శాతం తగ్గినట్టు పరిశోధనల్లో తేలింది. కానీ ప్రత్యేకంగా ఒక సమయం కేటాయించి చేయడం నాకు సాగదని ఆమె గ్రహించింది. ఇంటికి చుట్టాలు వస్తారు, ఊళ్లో పెళ్లిళ్లు ఉంటాయి, ఏదో ఒక పని అడ్డం వస్తుంది. అప్పుడు ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయం వాళ్ల పద్ధతి చెప్పింది. వ్యాయామానికి వేరే సమయం పెట్టకుండా ఇంటి పనుల్లోనే కలిపేయడం దాని పద్ధతి. 70 ఏళ్లు దాటి, అంతకుముందు పడి ఉన్నవాళ్లతో చేసిన ఆ పరిశోధన 2012లో ప్రచురితమైంది. వాళ్లలో పడటం 31 శాతం తగ్గింది.

ఇది నాకు సరిగ్గా అతికింది. పళ్లు తోముకునేటప్పుడు ఒక పాదం ముందు ఒక పాదం పెట్టి నిలబడతాను. పాలు పొంగేదాకా పొయ్యి దగ్గర కాపలా కాసేది నేనే, ఆ సమయమంతా ఒంటికాలి సాధనకే. గట్టు పొడవునా పక్కకు అడుగులు వేస్తూ గిన్నెలు సర్దుతాను. హాలు నుంచి వరండాలోకి వెళ్లేటప్పుడు గచ్చు బండల మధ్య గీత మీద, మడమ వేలికి తగిలేలా నడుస్తాను, పక్కన గోడ ఉంటుంది. కింది అరలో వస్తువు తీసుకోవాలంటే నడుము వంచకుండా మోకాళ్లు వంచుతాను. విడిగా చూస్తే ఒక్కోటి అర నిమిషం పని. పొద్దుట నుంచి రాత్రి దాకా కలిపితే కాళ్లకు మంచి శిక్షణే అందుతోంది. పాలు రోజూ కాస్తాం కాబట్టి సాధన మరిచిపోయే అవకాశమే లేదు.

నేల మీద కూర్చుని లేవడం కూడా నేర్పమని నేనే అడిగాను. మా చిన్నతనంలో తిండి, చదువు, నిద్ర అన్నీ నేల మీదే. ఇప్పుడు భోజనానికి బల్ల, పూజకు స్టూలు, స్నానాల గదిలో కమోడు. రోజుకు ఇరవై ముప్పై సార్లు లేచి కూర్చునే పని ఒంటికి లేకుండా పోయింది. మోకాళ్లు బాగా అరిగినవాళ్లకు ఈ సౌకర్యాలు అవసరమే, కాదనను. కానీ పడిపోయినవాళ్లలో దెబ్బ తగలకపోయినా లేవలేక గంటల తరబడి నేల మీదే ఉండిపోయేవాళ్లు ఉన్నారని విన్నప్పుడు, లేవడం తెలిసి ఉండాలనిపించింది. ముందు పక్కకు ఒత్తిగిల్లాలి. మోచేతి మీద లేవాలి. మోకాళ్లు, చేతుల మీదికి వచ్చి, గట్టి మంచం దాకానో కుర్చీ దాకానో పాకాలి. దాని మీద రెండు చేతులూ పెట్టి, బలమైన కాలి పాదం నేలకు ఆనించి లేచి, తిరిగి కూర్చోవాలి. మంచం పక్కన బొంత పరచుకుని, మా అబ్బాయిని పక్కన ఉంచుకుని దీన్ని అభ్యాసం చేశాను. ఇది వచ్చాక, పడితే ఏమవుతుందోనన్న భయం చాలావరకు తగ్గింది.

వర్షాకాలం మొదట్లో ఈ సాధన ప్రారంభించాను. దసరా దాకా నాలో పెద్ద తేడా కనిపించలేదు. ఆ నెలల్లో మా ఆవిడ కూడా నాతో కలిసింది. ఆమెకు కొన్నేళ్లుగా బతుకమ్మ ఆడటం తగ్గిపోయింది. తంగేడు, గునుగు, బంతి తెప్పించి తానే పేరుస్తుంది. పద్మాక్షి గుండం దగ్గరికి వెళ్తుంది కూడా. కానీ ఆడవాళ్లంతా చుట్టూ తిరుగుతుంటే తాను మెట్ల మీద కూర్చునేది. బతుకమ్మ ఆటలో కాలు పక్కకు వేయాలి, ముందుకు వంగి చప్పట్లు కొట్టాలి, మళ్లీ నిటారుగా లేచి తిరగాలి, ముందు మనిషితో పాటు సాగాలి. ఫిజియోథెరపిస్టు విని "ఆంటీ, ఇంతకంటే మంచి నిలకడ వ్యాయామం నేను చెప్పలేను" అని, ఆ అడుగులనే గట్టు పక్కన అభ్యాసం చేయించింది. ఆ ఏడు సద్దుల బతుకమ్మ నాడు మా కోడలి పక్కన నిలబడి మా ఆవిడ కూడా ఆడింది. అలసిపోయి మధ్యలో కాసేపు కూర్చుని, మళ్లీ లేచి వెళ్లింది. ఇంటికి వచ్చాక కాళ్లకు వేడినీళ్లు పెట్టుకుంటూ కూడా ఆ పాటలే పాడుకుంది. నాకు ఈ సాధన మీద పూర్తిగా గురి కుదిరింది ఆ సాయంత్రమే.

సంక్రాంతి నాటికి నా సంగతి కూడా తేలింది. భద్రకాళి బండ్ మీద నడుస్తుండగా లేచి ఉన్న ఒక పలక అంచుకు చెప్పు తగిలి ముందుకు తూలాను. ఆలోచించే వ్యవధి లేదు. ఎడమకాలు దానంతటదే ముందుకు పెద్ద అడుగు వేసింది, ఒళ్లు ఆగింది. పక్కనున్న మిత్రుడు పట్టుకోవడానికి చేయి చాచేలోపే నేను నిలబడి ఉన్నాను. తూలడం ఎవరికైనా తప్పదు. తూలిన మరుక్షణం అడుగు పడుతుందా లేదా అన్నదే తేడా. బస్సులో ఉన్న రోజుల్లో నా కాళ్లకు ఉన్న ఆ గుణం ఎక్కడికీ పోలేదని, పని చెబితే తిరిగి వస్తుందని నాకు రుజువైంది. ఇప్పుడు ప్యాంటు నిలబడే వేసుకుంటున్నాను, మంచం మాత్రం పక్కనే ఉంటుంది. ఒక గీత మీద పాదాలు పెట్టి పది సెకన్లు దాటి నిలబడుతున్నాను.

వ్యాయామంతో పాటు ఇంట్లో కొన్ని మార్పులు కూడా చేయించాం. స్నానాల గదిలో గోడకు కడ్డీలు బిగించాం, జారని పట్టా వేశాం. మంచం నుంచి స్నానాల గది దాకా రాత్రంతా చిన్న బల్బు వెలుగుతుంది. కరెంటు పోతే దిండు పక్కన టార్చి ఉంది. వదులు చెప్పులు పారేసి వెనుక పట్టీ ఉన్నవి కొన్నాం.

స్టేడియంలో నా మిత్రులు కొందరు ఇప్పుడు నడక ముగించాక గోడ పక్కన నిలబడి ఈ సాధన చేస్తున్నారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడా చెబుతాను. మంచంలో పక్కకు ఒత్తిగిల్లితే ఇల్లంతా తిరిగినట్టు అనిపించేవాళ్లు ముందు డాక్టరుకు చూపించుకోవాలి. లోపలి చెవిలోని సన్నటి రేణువులు స్థానం తప్పితే అలా అవుతుంది, తలను ఒక పద్ధతిలో తిప్పి డాక్టర్లే దాన్ని సరిచేస్తారు. పక్షవాతం వచ్చినవాళ్లు, ఇటీవల ఆపరేషను అయినవాళ్లు ఫిజియోథెరపిస్టు చూపించకుండా మొదలుపెట్టకూడదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు కొత్త వ్యాయామం ప్రయత్నించకూడదు. నలతగా అనిపించిన రోజు, జ్వరం వచ్చిన రోజు మానేయడంలో తప్పు లేదు. వృక్షాసనం వచ్చినవాళ్లు దాన్నే గోడ పక్కన నిలబడి చేసుకోవచ్చు. మొదటి వారాల్లో ఏ తేడా కనబడదు. అప్పుడు విడిచిపెట్టకుండా ఉండటానికి ఇంట్లో ఒక తోడు ఉంటే ఎంతో మేలు.

ప్రస్తుతం మేమిద్దరం తల నెమ్మదిగా కుడికీ ఎడమకీ తిప్పుతూ గీత మీద నడిచే అభ్యాసంలో ఉన్నాం. రోడ్డు దాటేటప్పుడు పనికొచ్చేది అదే. కళ్లు మూసుకుని ఒంటికాలి మీద నిలబడే అభ్యాసానికి మాత్రం ఆ అమ్మాయి ఇంకా ఒప్పుకోలేదు. వచ్చే నెల మళ్లీ కొలుస్తానంది, అప్పుడు అడుగుతాను.